చిక్కడపల్లి గ్రూపు సంతాప తీర్మానం

"నేనెప్పుడు సచ్చిన సార్?" అన్నాడు ఎల్లేష్.

సూర్యప్రకాశరావు కంప్యూటర్ మీద నుంచి చూపు తిప్పలేదు. "పద్దెనిమిదో తారీఖున."

చిక్కడపల్లి సందులో సరిత నడిపే ఇంటర్నెట్ సెంటర్ అది. నాలుగు కంప్యూటర్లు, ఒక ఫ్యాను. ఫ్యాను గాలి తగిలే కుర్చీలో సూర్యప్రకాశరావు తప్ప ఇంకెవరూ కూర్చోరు. ట్రెజరీలో రిటైరైన మనిషి. చదరంగం ఆడించే ఒక వెబ్‌సైట్‌లో 'చిక్కడపల్లి గ్రూపు' అని ఒకటి పెట్టి, తనను తానే అధ్యక్షుడిగా ఏకగ్రీవంగా ఎన్నుకున్నాడు. ఎల్లేష్ కరెంటు పనులు చేస్తాడు. ఆ గ్రూపు ఎప్పుడైనా ఒక ఆట గెలిచిందంటే ఆడింది అతనే.

"ఊరికి పోయిన సార్. వానలు పడ్డయి, ఇత్తనం పెట్టనీకి పోయిన. ఇరవై దినాలు. గంతకే సంపుతరా?"

"నోటీసు పెట్టాను. గ్రూపులు బాగుచేసుకోండి, ఆడనివాళ్లను ఏరేయండి అని వెబ్‌సైటు వాళ్లు అందరికీ చెప్పారు. ప్రతి సభ్యుడూ తాను ఉన్నట్టు పదిహేను రోజుల్లో రాయాలన్నాను. నువ్వు రాయలేదు."

"రాయకుంటే సచ్చినట్టేనా?"

"ట్రెజరీలో అంతే. పింఛను తీసుకునేవాడు ఏటా వచ్చి బతికే ఉన్నానని సంతకం పెట్టాలి. పెట్టకపోతే పోయినట్టే లెక్క. కలెక్టరు చేసినవాడైనా సరే."

ఎల్లేష్ సరిత వైపు తిరిగాడు. "నువ్వన్న చెప్పొద్దా అక్కా?"

"నాకేం ఎరుక అన్నా? రెండు నిమిషాలు లేచి నిలబడుమన్నడు, నిలబడ్డ. నల్లకుంట నుండి మెయిల్ చూసుకోనీకి వచ్చిన గిరాకీని గూడ నిలబెట్టిండు. ఎవరికని అడగనే లేదు."

"సరే, అయిందేదో అయింది. బతికిండని రాయుండ్రి సార్. నా పేరు నాకిస్తే ఆట ఆడుకుంట."

సూర్యప్రకాశరావు అప్పుడు కుర్చీ తిప్పాడు. అతని ముఖంలో కోపం లేదు. పనిలో ఉన్న గుమాస్తా ముఖం అది.

"కుదరదు. ఇది చూడు."

తెర మీద ఎల్లేష్ పేరు నల్లటి చట్రంలో ఉంది. దాని కింద తీర్మానం. మృదుస్వభావి, అజాతశత్రువు, చదరంగానికి జీవితం ధారపోసిన మహనీయుడు. దాని కింద ముక్కూ మొహం తెలియని వాళ్ల ఏడుపులు. పోలండ్ నుంచి ఒకడు, తనను మూడుసార్లు ఓడించిన చెయ్యి ఇక లేదా అని రాశాడు. బ్రెజిల్ నుంచి ఒక ఆమె కొవ్వొత్తి వెలిగించానంది. పదమూడు మంది ఉన్న గ్రూపులో ఇప్పుడు నూట పన్నెండు మంది ఉన్నారు. మూడువందల నలభయ్యో స్థానంలో పడి ఉన్నది ఎగబాకి తొమ్మిదికి వచ్చింది. వెబ్‌సైటు వాళ్లు మొదటి పేజీలోనే 'ఆదర్శ గ్రూపు' అని పెట్టారు.

ఎల్లేష్ నోరు తెరుచుకుని చదివాడు. "ఇన్ని మంచి మాటలు నా గురించేనా సార్? మీరు నాతోని 'జరుగు' తప్ప ఇంకో మాట అన్లేదు ఏనాడు."

"నీ గురించని కాదు. ముప్పయ్యేళ్లు ఆఫీసులో ఎవరు పోయినా ఇదే చదివాను. పేరు ఒక్కటే మారుస్తాను."

"మరి ఇప్పుడేం జేద్దాం?"

"నువ్వు బతికావంటే నేను అబద్ధాలకోరునవుతాను. వచ్చినవాళ్లందరూ లేచిపోతారు. గ్రూపు మూసేస్తారు. నువ్వు గ్రూపు మేలు కోరేవాడివా, కాదా?"

"కోరేటోన్నే."

"అయితే పోయినట్టే ఉండు."

"ఎన్ని దినాలు?"

"చచ్చినవాడికి గడువేమిటయ్యా?"

ఎల్లేష్ గొడవకు దిగుతాడని సూర్యప్రకాశరావు అనుకున్నాడు. దిగితే చెప్పడానికి రెండు నిబంధనలు కూడా సిద్ధంగా పెట్టుకున్నాడు. ఎల్లేష్ దిగలేదు. తీర్మానం ఇంకోసారి మొదటి నుంచి చదువుకుని, "సరే సార్" అని బయటికి నడిచాడు.

"పాపం, మంచోడు," అంది సరిత.

"మంచోడు కాదు, క్రమశిక్షణ ఉన్నవాడు," అన్నాడు సూర్యప్రకాశరావు. ఎవరినైనా మెచ్చుకోవలసి వస్తే ఆ మాట దగ్గరే ఆగిపోతాడు.

ఆదివారం పొద్దున సూర్యప్రకాశరావు అశోక్‌నగర్‌లోని ఇంటి నుంచి ఇస్త్రీ చొక్కాతో నడిచి వచ్చాడు. పేజీ తెరిచాడు. గ్రూపు రెండో స్థానంలో ఉంది. ఇన్నాళ్లకు మొదటిసారి సరితకు కూడా టీ చెప్పాడు.

గ్రూపులో కొత్తగా చేరిన మనిషి ఎవరో ఏదో రాసినట్టుంది. దాని కింద జవాబులు బారులు తీరి ఉన్నాయి. ముందు వాటినే చదివాడు. పోలండ్ వాడు కళ్లనీళ్లతో ఒప్పుకుంటున్నానన్నాడు. బ్రెజిల్ ఆమె, ఇది తీర్చకపోతే మనం మనుషులమే కాదంది. నూట పది మంది అవునన్నారు. కాదన్నవాడు ఒక్కడూ లేడు. చిట్టచివర వెబ్‌సైటు వాళ్లు, సభ్యులందరి కోరిక మేరకు మార్పు చేసేశామని రాశారు.

ఏ మార్పో అర్థం కాక సూర్యప్రకాశరావు పైకి జరిపి అసలు ఉత్తరం చదివాడు.

"నేను స్వర్గీయ ఎల్లేష్ గారి భార్య మాసమ్మను. మీరు చూపించిన ప్రేమకు దండాలు. మా ఆయన కడ ఊపిరి దాకా ఈ గ్రూపునే తలుచుకున్నాడు. పోయే ముందర నా చెయ్యి పట్టుకుని ఒక్కటే కోరిండు. సూర్యప్రకాశరావు గారిని దించి, ఆ పదవిల నన్ను కూర్చోబెట్టాలని."