కొత్త తాడు

"మెసేజ్ వచ్చింది గద అక్కా, ఇంకేంది ఆలస్యం? బర్రెను ఇప్పు."

మల్లికార్జున్ అని పేరు చెప్పుకున్న ఆ మనిషి కొట్టం ముందు నిలబడి తొందరపెడుతున్నాడు. బయట అతని ట్రాలీ ఆటో ఇంజిన్ ఆగకుండా గుర్రుమంటోంది. కిష్టమ్మ చెయ్యి బర్రె వీపు మీద ఉంది. కళ్లు మాత్రం కూతురి ఫోన్ మీదే ఉన్నాయి.

"ఏమని వచ్చిందే?" అంది మెల్లగా.

"యాభై ఎనిమిది వేలు జమ అయినయని వచ్చిందమ్మా," అంది శ్రీజ. "గానీ ఖాతాల ఎంతుందో చూద్దమంటే ఓపెన్ ఐతలేదు. ఊకె గిర్రున తిరుగుతుంది."

"బ్యాంకోళ్లకు ఫోన్ చెయ్యరాదు?"

"చేసిన. ఒకటి నొక్కు, రెండు నొక్కు అంటుండ్రు గని మనిషి దొరుకుతలేడు."

బోరు మోటారు కాలిపోయి పల్లి చేను ఎండిపోతోంది. భర్త నర్సింహులు మెకానిక్కును బతిమాలి చేను దగ్గర కూర్చోబెట్టాడు. డబ్బు వస్తేనే కొత్త మోటారు దిగుతుంది. ఇంట్లో అమ్మడానికి ఉన్నది ఈ ఒక్క బర్రే. దాని ఫొటో తీసి ఫోన్లో అమ్మకానికి పెట్టింది శ్రీజే.

వచ్చిన మనిషిని చూస్తే అనుమానించబుద్ధి కావడం లేదు. ఇటిక్యాల నుంచి వచ్చానన్నాడు. బర్రె పళ్లు చూశాడు, పొదుగు తడిమాడు, చెమట పట్టేదాకా బేరమాడి రెండు వేలు తగ్గించాడు. మోసగాడైతే ఆ రెండు వేల కోసం అంత గొంతు చించుకుంటాడా? పాపం, కిష్టమ్మ తనకు తాను అలా సర్ది చెప్పుకుంది.

రెండిళ్ల అవతల యోసేపు కిరాణా కొట్లో, ఖాతాలో డబ్బు పడగానే ఎంత పడిందో పైకి చెప్పే పైసల డబ్బా పలికింది. ఎవరో ఫోన్లో నలభై రూపాయలు కొట్టారు. దాని గొంతు వాడకట్టంతా వినిపిస్తుంది. తమకూ అలాంటి డబ్బా ఒకటి ఉంటే ఈ బాధ ఉండేది కాదు కదా అనుకుంది.

మల్లికార్జున్ మొహం మాడ్చుకున్నాడు. "నన్ను దొంగ అనుకుంటుండ్రా ఏంది? ఇగో, నా ఫోన్ల పచ్చ గుర్తు పడ్డది, చూడు. నేను జేబుల నోట్లు పెట్టుకొని తిరుగుడే బంద్ చేసిన, అంత ఫోన్లనే. నమ్మకం లేకుంటే నా పైసలు నాకు వాపస్ కొట్టుండ్రి. లింగాలల ఇంకో బర్రె చూసిన, గాడికి పోత."

"అయ్యో, కోపం చేసుకోకు తమ్మీ," అంది కిష్టమ్మ కంగారుగా. ఇంటికొచ్చిన మనిషి అంత మాట అనేలా చేసినందుకు సిగ్గేసింది. బొట్టు తెచ్చి బర్రె నొసట పెట్టింది. గుంజ దగ్గర ముడి విప్పింది. బర్రె మెడలోంచి తాడు తీసి తన చేతికి చుట్టుకుంది.

"ఇగ నీ తాడు కట్టుకో తమ్మీ."

"నా తాడా? అది ఉంది గద!"

"ఇది ఇయ్య. బర్రెను అమ్ముతం గని తాడును అమ్మం. తాడు పోతే ఇంట్ల పాడి పోతది. కొన్నోళ్లే కొత్త తాడు తెచ్చుకోవాలె."

"ఇంకో ఐదు నూర్లు కొడ్త. గా తాడే ఇయ్యి."

"ఐదు వేలు కొట్టినా ఇయ్య."

శ్రీజ తల్లి కొంగు పట్టి పక్కకు లాగింది. "నీకేమన్న పిచ్చా అమ్మా? గా పాత తాడు కోసం ఆయన ఎళ్లిపోతే? నాయినకు ఏం జెప్తవ్?"

కూతురు చెప్పింది నిజమే. అయినా కిష్టమ్మ చేతికి చుట్టిన తాడు మాత్రం వదల్లేదు. "మీ నాయినమ్మ ఉన్నప్పటి సంది ఈ కొట్టంల నుంచి తాడు పోలె. నా చేతుల మీదికెళ్లి పోనియ్య," అంది. తర్వాత ఆ మనిషి వైపు తిరిగి బతిమాలింది. "జర మనసుల పెట్టుకోకు తమ్మీ. గా యోసేపు దుకాణంల తాళ్లుంటయ్."

మల్లికార్జున్ విసుక్కుంటూ వెళ్లాడు.

అతను కనుమరుగయ్యాక తల్లీకూతుళ్లకు కొత్త భయం పట్టుకుంది. అటునుంచి అటే వెళ్లిపోతే? డబ్బు వెనక్కి ఇమ్మంటే? ఇందాక మనిషి మంచివాడా కాదా అని బెంగ, ఇప్పుడేమో తిరిగొస్తాడా రాడా అని బెంగ. కిష్టమ్మ తన మొండితనాన్ని తానే తిట్టుకుంది.

నీలం రంగు నైలాన్ తాడు చేత్తో ఊపుకుంటూ వచ్చాడు మల్లికార్జున్. ఇద్దరూ ఊపిరి పీల్చుకున్నారు.

"ఇప్పుడన్న ఖుషీనా అక్కా?" అని నవ్వాడు కూడా. తాడు బర్రె మెడకు బిగించి ఆటో వైపు నడిపించాడు. బర్రె వెనక్కి తిరిగి ఒకసారి అరిచింది. కిష్టమ్మ ఆ అరుపు వినలేక కొంగు నోటికి అడ్డం పెట్టుకుని ఏడ్చింది.

శ్రీజ తండ్రికి ఫోన్ కలిపింది. "పైసలు పడినయ్ నాయినా! మోటారు దింపమని చెప్పు," అంది.

అప్పుడే యోసేపు పైసల డబ్బాను చంకలో పెట్టుకుని, ఒక కాలికి చెప్పు లేకుండా ఉరుక్కుంటూ వచ్చాడు.

"కిష్టమ్మక్కా, జర ఆయనను ఆపు! ఫోన్ల పచ్చ గుర్తు చూపెట్టి తాడు పట్కొచ్చిండు... నా డబ్బా ఇంకా మోగనే లేదు!"