పట్టుబట్ట కింద

టపాఖానా నుంచి వచ్చిన రేడియో లైసెన్సుల జవాను వాకిట్లో సైకిల్ దిగాడు. అది చూసి వీరేశం రేడియో మీద పట్టుబట్ట కప్పి, పైన పురాణం పెట్టాడు. పోలీసు యాక్షన్ వార్తలు కొత్తగూడ ఊరంతా విన్నది ఆ రేడియోలోనే. దానికి ఏటా కట్టాల్సిన రుసుము మాత్రం అతడు ఒక్కసారీ కట్టలేదు.

"రేడియో ఏది అయ్యగారూ?"

"మాకేడిది రేడియో?"

"మరి ఇంటి మీద ఆ తీగేంది?"

"బట్టలారేసుకునేది."

"అంతెత్తున ఏ కోతులు ఆరేస్తయి సామీ?" జవాను నవ్వాడు.

వీరేశానికి రోషం పొడుచుకొచ్చింది. రోజూ సాయంత్రం అరుగు మీద ఊరికి పురాణం చెప్పి పాపభీతి కలిగించే నోరది. పురాణం మీద చెయ్యి వేశాడు.

"ఈ గ్రంథం సాక్షి! నా ఇంట్ల రేడియో ఉంటే నా నాలుక పడిపోవాలె!"

జవాను నవ్వు ఆగిపోయింది. సంచిలోంచి లైసెన్సు తీసి అటూ ఇటూ తిప్పి చూశాడు.

"మరి పోయిన వారం నీలమ్మ అని ఒకామె వచ్చి పైసలు కట్టిపోయె. డబ్బా నంబరు రాసుకొని ఇది ఇచ్చిపోదామని వచ్చిన."

వీరేశం వెనక్కి తిరిగాడు. వంటింటి గడపలో భార్య నిలబడి ఉంది.

"కోళ్లమ్మి నేనే కట్టిన," అంది నీలమ్మ మెల్లగా. "దొంగసొమ్ము అనుభవిస్తే నరకమని మొన్న నువ్వు చెప్తుంటే నా ఒళ్లు జల్లుమన్నది."

వీరేశం చెయ్యి ఇంకా గ్రంథం మీదే ఉంది. తీయడానికి ధైర్యం చాలలేదు.

అరుగు మీద చాపలు పరుస్తున్న చప్పుడైంది.

"ఊరోళ్లొచ్చిండ్రు," అంది నీలమ్మ, అతడి ముఖం చూడకుండా. "ఇయ్యాల ఏం చెప్తవయ్యా?"