పక్షుల్ని చూడవచ్చిన పెద్దమనిషి

చర్చి వెనక గుట్ట మీద ఎవడో కూర్చుని బైనాక్యులర్స్‌తో తన బాలినకార్ ఫుట్‌బాల్ జట్టు ప్రాక్టీసు చూస్తున్నాడని తెలియగానే మలాకీ టైర్నన్‌కి ఒళ్లు మండింది. వచ్చే ఆదివారమే కప్పు సెమీఫైనల్. అవతలి జట్టు పక్క ఊరు కిల్‌డన్. దాని మేనేజర్ కాన్ డెవెనీ ఎంతకైనా తెగిస్తాడని మలాకీ నమ్మకం.

"వాడు పంపిన గూఢచారే," అన్నాడు పళ్లు కొరుకుతూ.

ఆ పెద్దమనిషి దిగింది డెలియా మన్నియన్ ఇంట్లో. ఊళ్లోకి వచ్చే పరాయివాళ్లకి గదులు అద్దెకిచ్చే ముసలావిడ ఆమె. దిగినవాడు ఏం తిన్నాడో, ఎన్ని జతల మేజోళ్లు తెచ్చుకున్నాడో పొద్దెక్కేలోగా ఊరంతటికీ తెలిసిపోతుంది.

"పక్షుల్ని చూడ్డానికొచ్చాట్ట," అంది డెలియా మలాకీతో. "మన గ్రౌండు మీద కాకులు తప్ప ఏ పక్షులున్నాయిరా నాయనా? పైగా నోటుబుక్కు నిండా బాణాలూ, సున్నాలూ. దుమ్ము దులుపుతుంటే కంటబడింది. నేనేం వెతకలేదు."

"ఎవరు పంపారో అడక్కపోయారా?"

"అడగడమా!" డెలియా గుండె మీద చెయ్యేసుకుంది. "మా అమ్మ నన్నలా పెంచలేదు."

నిజమే. బాలినకార్‌లో 'నువ్వెవరు, ఎందుకొచ్చావు' అని మొహం మీద అడిగే అలవాటు ఎవరికీ లేదు. వాన సంగతి అడుగుతారు. తోవలో ఆవులు అడ్డొచ్చాయా అంటారు. మేనత్తది ఏ ఊరని ఆరా తీస్తారు. మిగతాది వాళ్లే అల్లుకుంటారు. ఈసారీ అల్లుకున్నారు.

మలాకీకి ఇది ఉత్త మ్యాచ్ కాదు. పదిహేడో ఏట డబ్లిన్‌లోని లిఫీబ్యాంక్ క్లబ్బు అతన్ని ఏరి కోరి తీసుకుంది. పందొమ్మిదో ఏట మోకాలు దెబ్బతినగానే బూట్ల సంచి చేతికిచ్చి వెనక గేటు చూపించింది. సొంతూరొచ్చి, కుంటుతూనే పదకొండేళ్లు గోల్స్ కొట్టాడు. తర్వాత కుర్రకారుకి కోచ్, ఆపైన పెద్ద జట్టుకి మేనేజర్. ఇప్పుడు నలభై ఆరేళ్లు. ఎప్పటికైనా లిఫీబ్యాంక్‌లోకి ముందు గేటు నుంచి, మేనేజర్‌గా నడిచి వెళ్లాలన్న కోరిక మాత్రం చావలేదు. ఈ సెమీఫైనల్ గెలిస్తే డబ్లిన్ చూపు తన మీద పడుతుందని ఆశ.

సరిగ్గా ఇప్పుడే తన ఎత్తులన్నీ కాన్ చేతిలో పడాలా?

"గుట్ట మీంచి తరిమేద్దామా బాస్?" అన్నాడు కెప్టెన్ ఫర్గల్. పాలకేంద్రంలో డబ్బాలు మోసే ఆరడుగుల మనిషి.

"తరమడం దేనికి? అంత దూరం వచ్చినవాడికి కడుపునిండా చూపించి పంపుదాం."

ఆ సాయంత్రమే మొదలుపెట్టాడు. గోల్‌కీపర్‌ని ముందు వరసలోకి తోశాడు. కార్నర్ కిక్కులన్నీ సొంత గోల్ మీదికే కొట్టించాడు. అందర్నీ పావుగంట సేపు వెనక్కి పరిగెత్తిస్తే ఒకడు కంచె దాటి గొర్రెల మందలో పడ్డాడు. చివరికి పదకొండు మందినీ గడ్డి మీద వెల్లకిలా పడుకోబెట్టి మబ్బులు లెక్కపెట్టమన్నాడు. చినుకు లేకపోయినా తను గొడుగేసుకుని మధ్యలో నిలబడి, "శభాష్! ఆటంటే ఇదీ!" అని గుట్టకి వినబడేలా అరిచాడు.

గుట్ట మీద పెన్సిలు ఆగకుండా కదిలింది.

ఏడింటికి పెద్దమనిషి భోజనానికి దిగేవాడు. అప్పుడు డెలియా వంతు. పంది మాంసం, క్యాబేజీ, ఉడికిన దుంపలు మారు మీద మారు వడ్డించి, పైన రెండు ఆపిల్ టార్ట్ ముక్కలు పెట్టేది. ప్లేటులో ఏమన్నా మిగిలితే మూతి ముడిచేది. పాపం, బెల్టు వదులు చేసుకుని లేవడానికి అతనికి గంటన్నర పట్టేది. ఆ గంటన్నరా చర్చి హాల్లో కుర్చీలు పక్కకి జరిపి అసలు ప్రాక్టీసు నడిచేది. నాలుగు రోజులు ఇదే వరస.

శనివారం పొద్దున్నే పెద్దమనిషి పెట్టె సర్దేశాడు.

"రేపటిదాకా ఉండకూడదూ?" అంది డెలియా.

"అక్కర్లేదమ్మా. చూడాల్సిందంతా చూసేశాను," అని తల అడ్డంగా ఊపుతూ బస్సెక్కాడు. ఊరంతా పగలబడి నవ్వింది.

ఆదివారం బాలినకార్ మూడు గోల్స్, కిల్‌డన్ సున్నా.

కాన్ డెవెనీ చేయి కలిపి, "మమ్మల్ని ఊపిరి తీసుకోనివ్వలేదు కదరా! ఇవన్నీ ఎప్పుడు నేర్పావు?" అన్నాడు.

"నీ మనిషినే అడుగు," మలాకీ కన్నుగీటాడు.

"ఏ మనిషి?"

"నటించకు."

కాన్ బుర్ర గోక్కుంటూ వెళ్లిపోయాడు.

డ్రెస్సింగ్ రూములో కేకలు మిన్నంటుతుండగా డెలియా తలుపు తట్టకుండా దూసుకొచ్చింది. ఆటగాళ్లు తువ్వాళ్ల కోసం తడుముకున్నారు.

"ఆయన గదిలో చెత్తబుట్టలో దొరికింది," అంటూ ఒక కాగితం చాపింది. "సిరా ఒలికిందని పారేసి, మళ్లీ శుభ్రంగా రాసుకున్నట్టున్నాడు. ఉండ చుట్టి ఉంటే ఇస్త్రీ చేసి తెచ్చాను."

"మీరు చదివారా?"

"ఎక్కడా! పొద్దుటినుంచీ కళ్లజోడు కనపడటంలేదు."

మలాకీ బెంచీ ఎక్కి, గొంతు సవరించుకుని చదివాడు. "'అధ్యక్షులవారికి. మీరు చెప్పినట్టే నేనెవరో బయటపడకుండా నాలుగు రోజులు గమనించాను.'"

"అబ్బో, ఎంత గుట్టు!" అన్నారెవరో.

"'ఈయన కార్నర్లు సొంత గోల్ మీదికే కొట్టిస్తాడు. చినుకు లేకపోయినా గొడుగేసుకుంటాడు. ఆటగాళ్లకి మబ్బులు లెక్కపెట్టడం నేర్పుతున్నాడు. నా ముప్ఫై ఏళ్ల అనుభవంలో ఇంత తలతిక్క కోచ్‌ని చూడలేదు.'"

గది దద్దరిల్లింది. మలాకీ నవ్వి నవ్వి, కళ్లు తుడుచుకుని కాగితం వెనక్కి తిప్పాడు. రాసింది కళ్లతోనే చదివాడు. నెమ్మదిగా బెంచీ దిగి దాని మీదే కూలబడ్డాడు.

"ఆగిపోయావేం బాస్? అసలు మజా చివర్లోనే ఉంటుంది!" ఫర్గల్ కాగితం లాక్కుని, నవ్వు ఆపుకుంటూ, అందరికీ వినబడేలా చదివాడు:

"'కనుక వచ్చే సీజన్‌కి మన లిఫీబ్యాంక్ మేనేజర్‌గా మీరు అనుకున్న ఒకే ఒక్క పేరు, మలాకీ టైర్నన్, దయచేసి కొట్టేయండి.'"