బోర్లించిన రొట్టె

తెల్లవారడానికి ఇంకా రెండు గంటలుంది. కోట వీధి మొత్తం మీద దీపం వెలుగుతున్నది గిస్లేన్ రొట్టెల కొట్టులోనే. వేడి రొట్టెలు అరలో సర్ది ఆమె ఇలా తిరిగిందో లేదో, వెనక మెత్తగా చప్పుడైంది. చివరి రొట్టె బోర్లా పడి ఉంది. వరసగా ఇది మూడో రాత్రి.

"మళ్ళీ తిరగబడింది మావయ్యా! ఎలకలైతే కొరుకుతాయి గానీ, తిరగేస్తాయా?"

బట్టీ పక్కన చలి కాచుకుంటున్న ముసలి ఆన్సెల్మ్ గొంతు తగ్గించాడు.

"ముట్టుకోకమ్మా. వెనకటి రోజుల్లో ఈ ఊళ్ళో తలలు నరికే తలారి రొట్టెని అలాగే బోర్లించి పెట్టేవాళ్ళు. ఇంకెవరి చెయ్యీ దాని మీద పడకూడదని."

"అతనికి పెళ్ళాం పిల్లలు లేరా?"

"ఎందుకు లేరూ? వాళ్ళకీ అదే రొట్టె."

గిస్లేన్ అరలోని రొట్టెలన్నీ ఒక్కొక్కటే బోర్లించింది. తమ ఇద్దరి కోసం పక్కన పెట్టుకున్నది కూడా. వెళ్ళి వీధి తలుపు బార్లా తెరిచింది.

"ఇక్కడ అన్నీ ఒకటే నాయనా. నీకు నచ్చింది తీసుకో" అంది చీకట్లోకి.

చాలాసేపు ఏ అలికిడీ లేదు. ఆ తర్వాత వీధి రాళ్ళ మీద బరువైన అడుగులు వినిపించాయి.

వాటి వెనకే, పరుగు పరుగున, చిన్న చిన్న పాదాలు.