గొంతుకు విశ్రాంతి

సినిమా హాలు గేటు దగ్గర టిక్కెట్లు చింపే మనిషి తన పెళ్ళానికి చెప్పాడట. ఆవిడ కుళాయి దగ్గర పక్కింటి వదిన చెవిన వేసిందట. వదిన ఇంకెవరికీ చెప్పకుండా తిన్నగా ఇక్కడికే వచ్చానని ఒట్టేసింది గానీ, ఇందాక మెట్ల మీద ఎదురైనవాళ్ళ చూపులు తలుచుకుంటే ఆ ఒట్టు మీద నమ్మకం కుదరలేదు.

"మీ పిల్ల ఆ కుర్రకారు ప్రేమ సినిమాకి మళ్ళీ మళ్ళీ వస్తోందట వదినా! మూల సీట్లో ఒక్కతే కూర్చుంటుందట. పోనీ, చూస్తుందా అంటే తెర వంకే చూడదట. కళ్ళు మూసుకుని కాసేపు నవ్వుకుంటుందట, కాసేపు ఏడుస్తుందట. ఆ వయసులో కళ్ళు మూసుకుంటే లోపల ఎవడు కనిపిస్తాడో నన్ను చెప్పమంటావా?"

ఆ పిల్ల తల్లి గొంతు మీద చెయ్యి పెట్టుకుని, వేలు అడ్డంగా ఊపింది. పొద్దున్నుంచీ స్టూడియోలో డబ్బింగ్ చెప్పి వచ్చింది. ఇంటికొస్తే గొంతుకు విశ్రాంతి. గోరువెచ్చని నీళ్ళు, చేతి సైగలు. భోజనానికి రమ్మనడానికి ఒక చప్పట, చదువుకోమనడానికి రెండు. అలా పొదుపు చేసిన గొంతులో తిట్లకు మాత్రం ఎప్పుడూ కాస్త మిగిలేది.

"నీ గొంతు బంగారం కానూ! ఇప్పుడన్నా నోరు విప్పు," అని వదిన లేచింది.

ఆ సినిమా పేరెత్తితేనే ఆమెకు ఒళ్ళు మండుతుంది. నిన్నమొన్నటిదాకా పదహారేళ్ళ హీరోయిన్లకు గొంతిచ్చిన మనిషిని, "ఇక మీకు తల్లి పాత్రలే నప్పుతాయండీ" అని పక్కకు నెట్టింది దానితోనే. పైగా, అందులో తల్లి ఏడుస్తున్న కూతుర్ని దగ్గర కూర్చోబెట్టుకుని "ఇది జబ్బు కాదురా తల్లీ, పెరగడం" అని ఓదార్చే సీనుకు డైరెక్టర్ రోజంతా చంపుకుతిన్నాడు. "అమ్మలా చెప్పండి మేడమ్, హాస్టల్ వార్డెన్‌లా కాదు!"

ఇప్పుడా సినిమా తన ఇంట్లోనే ఆడుతోంది. పిల్ల ఏడాదిలో జానెడు సాగింది. చెంపల నిండా మొటిమలు. ఏమైందని సైగ చేస్తే "ఏం లేదు". మళ్ళీ సైగ చేస్తే తలుపు ధడేల్‌మంటుంది. ఆమధ్య ఒకసారి "అమ్మా, నాకేదో అవుతోంది" అని తనంతట తానే పక్కన చేరింది. మర్నాడు పెద్ద రికార్డింగు. ఆమె పెదవుల మీద వేలు పెట్టింది. తర్వాత అడుగుదామనుకుంది. ఆ తర్వాత అన్నది రానేలేదు.

పిల్ల వచ్చి చెప్పులు విప్పుతుండగానే ఆమె గొంతు సంగతి మర్చిపోయింది.

"ఎవడే వాడు?"

"ఎవడు?"

"నిన్ను సినిమాకి తీసుకెళ్ళేవాడు!"

"ఎవడూ లేడు. ఒక్కదాన్నే వెళ్తున్నా."

"అయితే ఆ హీరోగాడి కోసమా? మూతి మీద నూగైనా సరిగ్గా మొలవని వెధవ!"

"ఛీ, వాడి మొహం నేనింకా సరిగ్గా చూడనేలేదు."

"చూడవని ఊరందరికీ తెలిసింది లేవే. కళ్ళు మూసుకుని ఎవణ్ణి తలుచుకుంటున్నావో అది చెప్పు. నా పరువు తీసుకెళ్ళి మెట్ల మీద ఆరేశావు. ఇలా అరిచి అరిచి నా గొంతు పోతే రేపు డైలాగులు మీ నాన్నొచ్చి చెప్తాడా?"

"అరవమని నేనన్నానా?"

"దానికేం తక్కువ లేదు, ఎదురు సమాధానాలు! మీ ఈడు పిల్లలకి పిచ్చెక్కించే వెర్రిమొర్రి కథ అది. నాకు తెలీదా? ఏముందే అందులో, అన్నిసార్లు వెళ్ళడానికి?"

పిల్ల చెంప మీద మొటిమ గిల్లుకుంటూ గుమ్మంలోనే నిలబడింది. అవతల వదిన తలుపు కిర్రుమని కొంచెం తెరుచుకుంది.

"అందులో నువ్వు మాట్లాడతావు."