మూత ఎత్తని బల్లులు

దగ్గరికి జరగండి. ఒకరి మీద ఒకరు ఎక్కకండి, అందరికీ వినపడుతుంది. నాకు చదువు లేదు గానీ, ఈ ఇంట్లో విన్న మాట ఒక్కటీ మరచిపోను.

లాల్‌దర్వాజాలో, ఈ సుశీలమ్మ వంటింట్లోనే జరిగింది. మేడ మీద అద్దెకుండే స్రవ్య ఒక పొద్దున గాజు డబ్బా పట్టుకుని దిగింది. లోపల పురుగు. పైన మూత. నెడితే లేస్తుంది, వదిలితే తానే పడుతుంది.

"ఏంది బిడ్డా గిది?"

"బల్లులకు పరీక్ష ఆంటీ. మీ ఇంట్ల సందులు మస్తు, బల్లులు మస్తు. గిట్ల ఇరుకుల, గుంపుల బతికితే మెదడు పెద్దగైతదని నా థీసిస్."

"పెద్దగైందని ఎట్ల ఎరుకైతది?"

"మూత తీసిన బల్లిని ల్యాబుకు తీస్కపోయి, తల కోసి, మెదడు తక్కెట్ల వెట్టి జోకుత."

సుశీలమ్మ గరిటె ఆగిపోయింది. "పాపం తగుల్తది! మా అత్త ఉన్నప్పటి సంది మా గోడల మీదున్నయి."

"ఒక్కటే ఆంటీ. ఈసారి గూడ ఏం చూపియ్యకుంటే మా సార్ నా థీసిస్ చింపి పారేస్తడు."

ఆ మాటలన్నీ వంటింట్లో ఉన్న అందరికీ వినపడ్డాయి.

స్రవ్య చాయ్ తాగి వచ్చేసరికి పురుగు మాయం. మూత వేసినట్టే ఉంది.

"చీమలు తినుంటయ్," అంది సుశీలమ్మ.

"గంత పెద్ద పురుగునా? రేపటి సంది కన్నార్పకుండ చూస్త."

కొత్త పురుగును పెట్టి, మూడు రోజులు పీట వేసుకుని కూర్చుంది. ఒక బల్లి మూత మీదే నిద్రపోయింది. ఒకటి డబ్బా చుట్టూ పదిసార్లు తిరిగి, దారి తప్పినట్టు సిలిండరు వెనక్కి పోయింది. ఇంకొకటి గాజును నాకి, పురుగును నోరు తెరుచుకుని చూస్తూ ఉండిపోయింది.

నాలుగో రోజు స్రవ్య పుస్తకం మూసేసింది. "అయిపోయింది ఆంటీ. మెదడు పెద్దగవుడు కాదు, వీటికి అసలు బుర్రే లేదు."

సరిగ్గా అప్పుడే ట్యూబ్‌లైటు వెనక నుంచి కిచ్ కిచ్ కిచ్ అని వినపడింది.

సుశీలమ్మ గట్టు మీద వేలితో మూడుసార్లు తట్టింది. "సత్యం! బల్లి పలికింది, ఇగ తిరుగు లేదు. ఫికర్ చెయ్యకు బిడ్డా, వేరే థీసిస్ రాస్కో."

స్రవ్య డబ్బా చంకన పెట్టుకుని మెట్లెక్కింది. మర్నాటి నుంచి తొండల వెంట పడిందట.

ఇది మరచిపోకండి, మీ పిల్లలకూ చెప్పండి: ఎవరైనా చూస్తుంటే మూత జోలికి పోవద్దు, మనకు బుర్ర లేదని అంటే మాత్రం ఆలస్యం చేయకుండా, ఆ రోజు ట్యూబ్‌లైటు వెనక నుంచి నేను పలికినట్టు, మూడుసార్లు పలకండి.