మూలుగుల మనిషి

"అమ్మాయ్, ఇలా రా! నాలుక మళ్లీ పూసింది," అని లవోన్ కేక పెట్టింది.

కీమో గదిలో అందరూ తలలు తిప్పుకున్నారు. అమెరికాలోని ఈ డులూత్ ఊళ్లో కాలు విరిగినవాణ్ని పలకరించినా బాగానే ఉన్నానంటాడు. అలాంటి ఊళ్లో ఈవిడొకతె.

"ఇందాక అరికాళ్ల మంట, ఇప్పుడు నాలుక. కాసేపుంటే జుట్టు నొప్పంటుంది," అని గొణిగింది మార్లిస్.

"మనలో ఎవరికుందే జుట్టు!" అని పక్క కుర్చీలో బెవ్ కిసుక్కుమంది.

మార్లిస్‌కీ, లవోన్‌కీ జబ్బొకటే. రొమ్ములో మొదలైన క్యాన్సర్ కాలేయం దాకా పాకింది. జూన్‌లో మనవరాలి పెళ్లి చూసి పోతే చాలని మార్లిస్ ఆశ. తన నోట ఏనాడూ అబ్బా అన్న మాట రాలేదని ఆవిడకి మహా గర్వం.

లవోన్ నర్సుకి ఇంకా చెబుతూనే ఉంది. "సోమవారం నుంచి మంచినీళ్లు కూడా దిగట్లేదు. గోళ్లు ఊడుతున్నాయి. రాసుకున్నావా?"

మార్లిస్‌కి ఒళ్లు మండింది. "ఏవండీ, మాకు లేవా నొప్పులు? నోరు మూసుకుని పడట్లా? కాస్త సిగ్గుండాలి."

"చెప్పకపోతే వాళ్లకెలా తెలుస్తుందండీ?"

"తెలిస్తే ఏం చేస్తారు, ఊరేగిస్తారా?"

ఆ పూటే మార్లిస్ నర్సును పిలిచి, ఆ ఏడుపుగొట్టుదాన్ని దూరంగా కూర్చోబెట్టమంది. మరుసటి వారం లవోన్‌ను మూలన, తెర వెనక కూర్చోబెట్టారు. ఒక్కరూ వెళ్లి పలకరించలేదు.

జనవరిలో ఆవిడ పోయింది. గది హాయిగా ఉందనుకున్నారు.

ఫిబ్రవరికి పాత మందు మార్లిస్‌కి పనిచేయడం మానేసింది. ఇంకా పరీక్షల్లో ఉన్న కొత్త మందు మొదలుపెట్టారు. మే నెల స్కాన్‌లో కాలేయంలోని గడ్డలు సగానికి తగ్గాయి. పెళ్లికి వెళ్లొచ్చన్నాడు డాక్టరు.

ఆవిణ్ని పట్టడం ఎవరి తరం కాలేదు.

"చూశావా, టెస్సా?" అంది నర్సుతో. "నోరు పూయలేదు, గోరు ఊడలేదు. అవన్నీ మూలిగేవాళ్లకే. ఆ లవోన్ నాలా గట్టిగా ఉంటే బతికేది."

టెస్సా సూది సరిచేసి గొంతు తగ్గించింది.

"ఆవిడే లేదు, ఇక చెప్పినా తప్పులేదు. ఈ మందు ఇక్కడ మొదట ఎక్కించుకున్న ఆరుగురిలో ఆవిడొకరు. అప్పుడిచ్చింది మీకిచ్చేదానికి రెట్టింపు."

"రెట్టింపా?"

"మిగతా ఐదుగురూ మీలాగే, ఎప్పుడడిగినా బాగానే ఉందనేవాళ్లు. ఆవిడ చెప్పిన ఒక్కో నొప్పీ చూసుకునే, మార్లిస్, మీ మోతాదు తగ్గించారు."